గింజ వడకట్టేసిన పండు: మధుమేహం, మలబద్ధకం ఉన్న మహిళ ఆహారంలో పాషన్ ఫ్రూట్ – ఒక కేస్ స్టడీ

పేషెంటును గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేసి రాస్తున్న కేసు ఇది. జబ్బు అరుదైనదేమీ కాదు. మధుమేహం, బీపీ, రక్తహీనత, మలబద్ధకం నాలుగూ ఒకే మనిషిలో ఉండడం మా ఓపీలో రోజూ చూసేదే. రాయాలనిపించింది పండు వల్ల. ఒకే పాషన్ ఫ్రూట్ ఒక రకంగా తీసుకుంటే షుగర్ పెంచింది, ఇంకో రకంగా తీసుకుంటే కడుపులో మంట పెట్టింది, మూడో రకంగా తీసుకున్నప్పుడు మాత్రమే పనికొచ్చింది. ఏ పండు తినాలో చెప్పి వదిలేస్తే చాలదని, ఏ దశలో కోసింది, ఎన్ని గ్రాములు, గింజతోనా వడకట్టా, దేనితో కలిపి అన్నది కూడా చెప్పాలని ఈ కేసు చూపిస్తుంది.

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు. వయసు యాభై దాటింది. జీడిపప్పు పొట్టు తీసే పని. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేవడమే, మళ్లీ సాయంత్రం దాకా అదే పీట. మధుమేహం, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నాయి. వాడుతున్న మందులు షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్. కొన్ని నెలల కిందట హిమోగ్లోబిన్ 10.2 అని తేలడంతో ఐరన్ మాత్ర కూడా మొదలైంది.

ఇంటి పెరట్లో పందిరి మీద పసుపు రకం పాషన్ ఫ్రూట్ తీగలు రెండు. బంధువులు ఇచ్చిన మొక్కలు, బాగా కాస్తున్నాయి. మన వైపు రైతుబజార్లలో ఈ పండు కూరగాయల్లా రోజూ కనిపించేది కాదు. ఎక్కువ మంది తినేది ఇంటి పందిరిదో, పక్కింటివాళ్లు ఇచ్చిందో. ఊదా రకానికి చల్లటి కొండ ప్రాంతం సరిపడుతుంది. నీలగిరి, కొడైకెనాల్, కూర్గ్, వయనాడ్, ఈశాన్య రాష్ట్రాల్లో పండుతుంది. పల్లపు ప్రాంతపు వేడిని తట్టుకునేది పసుపు రకం. కాయ పెద్దది, పులుపు ఎక్కువ. ఆ పులుపే ఈ కేసులో ఒక మలుపు.

వచ్చిన ఇబ్బంది

ఫిర్యాదులు రెండు. వారానికి రెండుసార్లకు మించి విరేచనం కావడం లేదు, అదీ గట్టిగా, ముక్కి ముక్కి. రెండోది, మందులు మానకపోయినా షుగర్ ఎక్కుతోంది. మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు గంటలకు 248, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.6.

యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైతే ఆహారం గురించి మాట్లాడే ముందు చూడాల్సినవి ఉన్నాయి: మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, థైరాయిడ్, మందుల జాబితా. మొదటి రెండూ లేవు, థైరాయిడ్ పరీక్ష సరిగ్గానే ఉంది. మందుల జాబితాలో ఐరన్ మాత్ర దొరికింది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఇబ్బంది ముదిరింది మాత్ర మొదలైన రెండు మూడు వారాలకే. ఐరన్ మాత్రతో మలం నల్లగా, గట్టిగా రావడం మామూలే. అయితే మాత్ర మానేస్తే రక్తహీనత అలాగే ఉండిపోతుంది.

ఆ తర్వాత ముందురోజు లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం తిన్నారో అడిగి రాశాం. పొద్దున టీ, నాలుగు బిస్కెట్లు, ఆ టీతోనే ఐరన్ మాత్ర. పదింటికి ఇడ్లీ గానీ ఉప్మా గానీ. మధ్యాహ్నం పాలిష్ బియ్యం అన్నం, చారు, ఎండుచేప వేపుడు, కొద్దిగా వంకాయ. సాయంత్రం మళ్లీ టీ, బిస్కెట్లు. రాత్రి అన్నమే. మంచినీళ్లు లీటరు కూడా లేవు. పనిచేసే చోట మరుగుదొడ్డి దూరం కాబట్టి దాహమేసినా తాగరు. మొత్తం పీచు లెక్క వేస్తే 12, 13 గ్రాములు తేలింది. జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు 2000 కిలోక్యాలరీల ఆహారానికి 30 గ్రాములు. ఈమె శరీరానికి, పనికి 25 గ్రాములైనా ఉండాలి. అంటే సగమే అందుతోంది.

ఈ జాబితాలో ఆమె చెప్పనిది ఒకటుంది. "పండ్లు ఏమైనా తింటున్నారా అమ్మా?" అని అడిగితే కోడలు అందుకుంది, "రోజూ రెండు గ్లాసులు పాషన్ ఫ్రూట్ జూస్ ఇస్తున్నానండి, షుగర్ తగ్గుద్దని ఫోన్లో సూసి." అది తిండి కాదు, మందు అని వాళ్ల లెక్క. అందుకే జాబితాలోకి రాలేదు.

ఇంట్లో అప్పటికే చేసినది, దాని లెక్క

కోడలు జూస్ చేసే పద్ధతి ఇది. ఒక గ్లాసుకు మూడు కాయలు కోసి, గుజ్జు మిక్సీలో తిప్పి, టీ జాలీలో వడకట్టి, గింజలు పారేసి, నీళ్లు పోసి, పులుపు విరగడానికి నాలుగు చెంచాల పంచదార. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

పాషన్ ఫ్రూట్ గురించి చెప్పే మంచి అంతా గింజతో కలిపి తిన్న గుజ్జు గురించి. 100 గ్రాముల గుజ్జులో సుమారు 97 కిలోక్యాలరీలు, 23 గ్రాముల పిండిపదార్థం, అందులో చక్కెరలు 11 గ్రాములు, పీచు 10 గ్రాముల పైన, పొటాషియం 348 మిల్లీగ్రాములు, విటమిన్ సి 30 మిల్లీగ్రాములు, ఇనుము 1.6 మిల్లీగ్రాములు ఉంటాయి. పండ్లలో 10 గ్రాముల పీచు పెద్ద అంకె. అరటిపండులో అది రెండున్నర గ్రాములే. అదే పాషన్ ఫ్రూట్ రసాన్ని వడకడితే 100 గ్రాముల్లో పీచు 0.2 గ్రాములకు పడిపోతుంది. చక్కెర మాత్రం రసంలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు ఆమె రోజు లెక్క. ఆరు కాయల గుజ్జు దాదాపు 180 గ్రాములు. గింజలతో తింటే 18 గ్రాముల పీచు అందేది. జాలీలో వడకట్టాక అందింది అర గ్రాము లోపు. రెండు గ్లాసుల్లో వేసిన పంచదార 40 గ్రాములు, రసంలో సొంతంగా ఉన్నది ఇంకో 17 గ్రాముల దాకా. అంటే మలబద్ధకానికి పనికొచ్చే భాగమంతా చెత్తబుట్టలోకి పోయింది, షుగర్ పెంచే భాగమంతా గ్లాసులోకి చేరింది. భోజనం తర్వాతి 248లో ఈ గ్లాసుల వాటా ఎంతో తెలుసుకోవడానికి, మందుల్లో ఏ మార్పూ చేయకుండా ముందు జూస్ ఒక్కటే ఆపించాం. వారం తర్వాత అదే భోజనానికి 209. మిగతాది అన్నం, బిస్కెట్లు.

కొన్న స్క్వాష్ అయినా తేడా ఉండదు. స్క్వాష్‌లో పండు రసం కనీసం 25 శాతం, కరిగి ఉన్న ఘనపదార్థం కనీసం 40 శాతం ఉండాలన్నది ఆహార ప్రమాణాల నిబంధన. ఆ 40లో అత్యధికం చక్కెరే. 50 మిల్లీలీటర్లు నీళ్లలో కలిపితే నాలుగు చెంచాల చక్కెర తాగినట్టే.

మొదటి ప్రణాళిక, అది ఎందుకు నిలవలేదు

పండును పూర్తిగా మాన్పించాలా అన్నది మొదటి ప్రశ్న. మాన్పించకపోవడానికి కారణాలు రెండు. చేతికందే పీచు అది, డబ్బు పెట్టక్కర్లేదు. పైగా ఇంట్లో ఆ పండు మీద నమ్మకం ఉంది. నమ్మకమున్న దాన్ని సరిగ్గా వాడించడం, కొత్తదాన్ని అలవాటు చేయించడం కంటే తేలిక. కాబట్టి రోజుకు రెండు కాయల గుజ్జు, 60 గ్రాములు, గింజలతో, పంచదార లేకుండా తినమన్నాం. 60 గ్రాముల్లో పీచు 6 గ్రాములు. పిండిపదార్థం 14 గ్రాములే, అందులో పీచు పోతే అరిగేది 8 గ్రాములు. పిండిపదార్థాన్ని ఒక్కసారిగా బాగా కోసేయడం కూడా వద్దనుకున్నాం. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు తిండి తగ్గించి మాత్ర అలాగే వేసుకుంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించాం. టెల్మిసార్టాన్ జాతి మందులు ఒంట్లో పొటాషియం నిలిచేలా చేస్తాయి, ఈ పండులో అరటికి దాదాపు సమానంగా పొటాషియం ఉంటుంది. ఉద్దానం నుంచి వచ్చిన ఎవరికైనా మూత్రపిండాల పరీక్ష చూడకుండా పండు, కొబ్బరినీళ్లు రాయకూడదని నా అభిప్రాయం. ఆ ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి లక్షణాలేవీ లేకుండానే ముదురుతుంది. ఈమెకు క్రియాటినిన్ 0.9, పొటాషియం 4.4. మొదలుపెట్టవచ్చు.

పది రోజులకు వచ్చినప్పుడు పరిస్థితి మెరుగుపడలేదు. గుండెల్లో మంట, పళ్లు పులిసిపోవడం, కడుపుబ్బరం. విరేచనం మారలేదు. విడివిడిగా అడిగితే నాలుగు కారణాలు బయటపడ్డాయి.

పచ్చికాయలు తెంపుతున్నారు. నున్నగా, గట్టిగా, ఆకుపచ్చ మీద కాస్త పసుపు తిరిగినవి మంచివనీ, ముడతపడ్డవి కుళ్లినవనీ అనుకుని వాటిని పారేస్తున్నారు. అంటే తినదగ్గవి పారేసి, తినకూడనివి తింటున్నారు. పచ్చికాయలో ఆమ్లం ఎక్కువ. అంతకంటే ముఖ్యంగా, సయనైడ్ విడుదల చేయగల పదార్థాలు పచ్చికాయలో, తొక్కలో, ఆకులో ఉంటాయి, కాయ పండేకొద్దీ గుజ్జులో తగ్గిపోతాయి. ఆకు కషాయం తాగితే షుగర్ పోతుందని ఎవరో చెప్పారట. అది మొదలుపెట్టలేదు గనక సరిపోయింది. గట్టిగా వద్దన్నాం.

పరగడుపున తింటున్నారు. పండు పరగడుపునే తినాలన్న మాట ఎక్కడో విన్నారు. ఇంత పుల్లటి పండు ఖాళీ కడుపులో పడితే మంట రాకుండా ఉండదు.

గింజలు చప్పరించి ఊసేస్తున్నారు. "ఇన్ని గింజలు మింగితే పేగుల్లో ఇరికిపోవేటమ్మా?" అన్నది ఆమె భయం. అపెండిక్స్ వాపు వస్తుందన్న భయం చాలామందికి ఉంది. మామూలు పేగుల్లో ఈ గింజలు ఇరుక్కోవు. నమలకపోతే వచ్చినవి వచ్చినట్టే మలంతో బయటికి పోతాయి. ఆ నల్ల గింజలు మలంలో కనిపిస్తే కంగారుపడవద్దని ముందే చెప్పాలి, లేకపోతే రెండోరోజే మానేస్తారు. పేగు సన్నబడినవారికి, కడుపు ఆపరేషన్ కొత్తగా అయినవారికి మాత్రం ఈ మాట వర్తించదు.

నాలుగోది నీళ్లు. పీచు పెంచి నీళ్లు పెంచకపోతే మలం ఇంకా గట్టిపడుతుంది. నీళ్లు తాగమని చెప్పాం, ఎక్కడ ఎప్పుడు తాగగలరో అడగలేదు కాబట్టి అది కాగితం మీదే ఉండిపోయింది.

పండు ఎంచుకోవడం: కాటా ముందు చూపించినది

రెండోసారి మాటలతో వదలకుండా, వాళ్ల పందిరి కాయలే తెప్పించి కోసి చూపించాం. ఒకటి నున్నటి కాయ, ఒకటి తొక్క వేలితో నొక్కితే లొంగేంత ముడతపడ్డది. బయటికి చూస్తే నున్నటిదే అందంగా ఉంది. కోశాక నున్నటిదాని గుజ్జు లేత పసుపు, తెల్ల పొరకు గట్టిగా అంటుకుని ఉంది, వాసన లేదు. ముడతపడ్డదాని గుజ్జు ముదురు నారింజ రంగు. చెంచా పెట్టగానే పొర నుంచి ఊడివచ్చింది, గదంతా వాసన. కాటా మీద 78 గ్రాముల కాయలో గుజ్జు 31 గ్రాములు. కోడలు రెండూ నాకి చూసింది. ఆ తర్వాత నున్నటి కాయల ఊసెత్తలేదు.

ముడతపడేటప్పుడు నీరు పోయేది తొక్కలోంచి. లోపలి గుజ్జు పులుపు తగ్గి తీపెక్కుతుంది. కాబట్టి ముడత మంచిదే, కానీ హద్దు ఉంది. తొడిమ దగ్గర బూజు, కోసినప్పుడు కల్లు వాసన, గుజ్జు మీద నురుగు, బూడిద రంగు, వీటిలో ఏది కనిపించినా పారేయాలి. తొక్క మీద గట్టి చుక్కలా పొడుచుకొచ్చినట్టుంటే అది పండు ఈగ కుట్టిన గుర్తు. కోసి చూడాలి, లోపల రంగు మారకపోతే తినవచ్చు.

చేతిలోకి తీసుకుంటే సైజుకు తగ్గ బరువు ఉండాలి. పెద్దగా ఉండి తేలిగ్గా ఉంటే లోపల బోలు. ప్రతి గింజ చుట్టూ ఒక రసపు తిత్తి ఉంటుంది. గింజ కట్టకపోతే తిత్తీ ఉండదు. పరాగసంపర్కం సరిగ్గా జరగని కాయలు అందుకే బోలుగా ఉంటాయి. పసుపు రకం తన పుప్పొడితో తాను కాయదు, వేరే తీగ పుప్పొడి కావాలి. ఈ ఇంట్లో వేర్వేరు మొక్కలు రెండు ఉండడం వల్ల కాపు బాగుంది. ఒకే తీగ ఉండి పూలు రాలిపోతున్నాయనేవాళ్లు వేరే మొక్కను తెచ్చి నాటాలి. తుమ్మెదలు తక్కువైతే మధ్యాహ్నం వేళ, పూలు విచ్చుకున్నాక, దూదితోనో వేలితోనో ఒక తీగ పుప్పొడి ఇంకో తీగ పువ్వుకు అంటించాలి. పసుపు రకం పూలు విచ్చుకునేది మధ్యాహ్నమే, రాత్రికి ముడుచుకుంటాయి.

కోతకు ఒకటే నియమం పెట్టాం: తెంపవద్దు, రాలనివ్వండి. పండిన కాయ తనంతట తానే రాలుతుంది. పందిరి కింద పాత చీర జోలెలా కట్టించాం, నేల మీద పడి పగలకుండా, చీమలు పట్టకుండా. ఏ రోజు రాలినవి ఆ రోజే ఏరి, తుడిచి, పళ్లెంలో గాలి తగిలే చోట మూడు నుంచి ఐదు రోజులు ఉంచాలి. ముడతపడ్డాక కవరులో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం పైనే ఉంటాయి. కోసే ముందు కడగాలి, లేకపోతే తొక్క మీది మట్టిని కత్తే గుజ్జులోకి తీసుకెళ్తుంది. అల్యూమినియం గిన్నెలో గుజ్జు ఉంచకూడదు. స్టీలు గానీ గాజు గానీ వాడాలి.

పనిచేసిన అమరిక

మొదటి వారం ఒక్క కాయ, 30 గ్రాములే. కడుపుబ్బరం లేకపోతే రెండో వారం నుంచి 60 గ్రాములు. పీచును ఒకేసారి రెట్టింపు చేస్తే పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. నిదానంగా పెంచితే పేగులు అలవాటు పడతాయి.

సమయం మధ్యాహ్న భోజనం చివర, 100 గ్రాముల గడ్డపెరుగులో కలిపి. అన్నం తిన్న కడుపు కాబట్టి ఆమ్లం నేరుగా తగలదు, పెరుగు పులుపును మెత్తబరుస్తుంది, పంచదార అవసరం రాదు. పులుపు విరగడానికి ఉప్పు, కారం చల్లుకుంటామన్నారు. బీపీ ఉంది కాబట్టి ఉప్పు వద్దని, కావాలంటే వేయించిన జీలకర్ర పొడి చిటికెడు వేసుకోమన్నాం. తిన్నాక నోరు పుక్కిలించాలి, వెంటనే పళ్లు తోమకూడదు. ఆమ్లం తగిలి మెత్తబడిన పంటి పైపొర బ్రష్‌తో అరుగుతుంది.

పెరుగును మధ్యాహ్నానికి పెట్టడానికి ఇంకో కారణం ఐరన్ మాత్ర. పెరుగులోని కాల్షియం, టీలోని టానిన్లు రెండూ ఇనుమును అడ్డుకుంటాయి. మాత్రను టీ నుంచి విడదీసి, పొద్దున పదకొండింటికి నిమ్మకాయ నీళ్లతో వేసుకోమన్నాం. ముందు తాగిన టీకీ, తర్వాత తినే పెరుగుకీ మధ్య అక్కడే ఖాళీ దొరికింది. మలబద్ధకం సంగతి విన్న డాక్టరు మాత్రను రోజు విడిచి రోజుకు మార్చారు.

విటమిన్ సి కోసం పాషన్ ఫ్రూట్ అన్న ప్రచారం బాగా ఉంది. లెక్క చూస్తే 60 గ్రాముల్లో వచ్చేది 18 మిల్లీగ్రాములు. స్త్రీలకు రోజుకు కావలసింది 65. జామకాయ 100 గ్రాముల్లో 200 మిల్లీగ్రాములు దాటుతుంది, మన సంతలో చవకగా దొరుకుతుంది. విటమిన్ సి కావాలంటే జామ తినాలి. పాషన్ ఫ్రూట్ బలం పీచులో ఉంది.

సాయంత్రం బిస్కెట్ల స్థానంలో చోడి (రాగి) అంబలి పెట్టాం. 40 గ్రాముల చోడిపిండితో కాచి, చల్లారాక మజ్జిగ కలిపి, పక్కన ఉల్లిపాయ. దీంతో నాలుగు గ్రాముల పైన పీచు వస్తుంది, ఆమెకు చిన్నప్పటి నుంచి తెలిసిన తిండి. మధ్యాహ్నం కూరలో తోటకూర గానీ చిక్కుడు గానీ బీరకాయ గానీ ఒక కప్పు, దానికి తగ్గట్టు అన్నం ఒక గరిటె తక్కువ. మొత్తం పీచు 25 గ్రాముల దగ్గరికి చేరింది.

నీళ్లకు మాత్రం పని రోజునే చూడాల్సి వచ్చింది. పనిలో తాగలేరు. కాబట్టి లేవగానే రెండు గ్లాసులు, పనికి వెళ్లేలోపు బాత్రూముకు వెళ్లిరావడం, మధ్యాహ్నం ఇంటికొచ్చినప్పుడు రెండు, పని దిగాక మిగతావి. పొద్దున నీళ్లు తాగాక పది నిమిషాలు తొందర లేకుండా దొడ్లో కూర్చోవడం కూడా చెప్పాం. తిండి, నీళ్లు పడగానే పెద్దపేగు కదలడం సహజం. ఆ వేళను వదిలేస్తే పగలంతా రాదు.

ఆరో వారానికి విరేచనం దాదాపు రోజూ అవుతోంది, ముక్కాల్సిన పని లేదు. గుండెల్లో మంట లేదు. మూడు నెలలకు భోజనం తర్వాతి షుగర్ 176, హెచ్‌బీఏ1సీ 7.7, హిమోగ్లోబిన్ 11.3. ఈ మధ్యలో డాక్టరు మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా పెంచారు కాబట్టి షుగర్ తగ్గుదలను పండు ఖాతాలో వేయడం తప్పు. పండు చేసినదల్లా, పంచదార గ్లాసులు పోయిన చోట పీచుతో వచ్చి కూర్చోవడం.

దీనికి రుజువు కాపు ఆగినప్పుడు దొరికింది. తీగలు పండు ఇవ్వని వారాల్లో జామకాయ, ఉడికించిన చిక్కుడు గింజలు, ఆకుకూర పెంచాం. విరేచనం చెడలేదు. కాపు ఎక్కువైన రోజుల గుజ్జును గింజలతోనే ఐస్ ట్రేలో గడ్డకట్టించి డబ్బాలో వేసుకోమన్నాం. ఒక గడి ఎన్ని గ్రాములో ఒకసారి తూచుకుంటే చాలు. వీళ్ల ట్రేలో గడికి 20 గ్రాములు, కాబట్టి రోజుకు మూడు గడులు. ముందురాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించితే మధ్యాహ్నానికి సిద్ధం. రెండు మూడు నెలలు బాగానే ఉంటుంది.

మిక్సీ విషయం కూడా చెప్పాలి. గింజ నలిగితే చేదు దిగుతుంది, నోట్లో ఇసుకలా తగులుతుంది. ఇంట్లో ఇంకెవరికైనా జూస్ చేయాల్సి వస్తే గుజ్జును చెంచాతో గిలక్కొట్టి, పల్చని రసం తీయాలి, మిక్సీ వద్దు. గింజలతోనే తినేవాళ్లకు అసలు యంత్రమే అక్కర్లేదు.

ఈ కేసు నుంచి మా పద్ధతిలోకి వచ్చినవి

తిండి జాబితా రాసేటప్పుడు "ఆరోగ్యానికని ఏమైనా తాగుతున్నారా?" అని వేరుగా అడుగుతున్నాం. జూస్, కషాయం, పొడులు ఆ ప్రశ్నకే బయటికొస్తాయి. పండు రాసినప్పుడు కాయల లెక్క రాయడం మానేశాం. ఊదా రకం చిన్న కాయలో గుజ్జు 18 గ్రాములు, పసుపు రకం పెద్దదానిలో 30 దాటవచ్చు. "రెండు కాయలు" అంటే ఒకరికి 36, ఇంకొకరికి 65. రబ్బరు తొడుగులు వేసుకుంటే దద్దుర్లు వచ్చేవారిలో కొందరికి అరటి, అవకాడోలాగే ఈ పండు కూడా పడదు, ఆ ప్రశ్న కూడా చేర్చాం.

ఎక్కువ సమయం పెట్టాల్సి వచ్చింది మాత్రం ఆమె మరిది విషయంలో. ఆయనకు మూత్రపిండ వ్యాధి, డయాలసిస్ దాకా రాలేదు. వదినకు మేలు చేసిందని ఆయనా మొదలుపెట్టారు, రోజుకు నాలుగైదు కాయలు. అంటే పొటాషియం 400 నుంచి 500 మిల్లీగ్రాములు, పైగా మధ్యాహ్నం కొబ్బరినీళ్లు. ఒక గ్లాసు కొబ్బరినీళ్లతోనే 600 దాకా వస్తుంది. కిడ్నీ సరిగ్గా పనిచేయనప్పుడు రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందస్తుగా పెద్ద లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. వెంటనే పరీక్ష చేయిస్తే 5.6 వచ్చింది. పండు, కొబ్బరినీళ్లు రెండూ ఆపించి అదే రోజు ఆయన కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపాం. మందులు సర్ది, పొటాషియం దిగాక, ఆయన ఆహారపు మొత్తం లెక్క ఆ డాక్టరుతో కలిసి వేశాం. పాషన్ ఫ్రూట్ అందులో లేదు. ఆయనకు విరేచనం ఇబ్బంది లేదు కాబట్టి ఆ పండుతో తీరే అవసరమూ లేదు. బదులుగా చిన్న ఆపిల్ ముక్కలు, బొప్పాయి కొద్దిగా, అవీ తూచి.

వదినకు కూడా టెల్మిసార్టాన్ నడుస్తున్నంతకాలం క్రియాటినిన్, పొటాషియం మూడు నెలలకోసారి చేయించాలని కార్డు మీద రాసి ఇచ్చాం. దాని కిందే 60 గ్రాములు, గింజలతో, మధ్యాహ్నం పెరుగులో అని ఉంది. పొటాషియం 5 దాటితే పండు ఆపి, రిపోర్టుతో డాక్టరును కలవాలని ఆఖరి వరుస. కార్డు కోడలి దగ్గర ఉంటుంది, గుజ్జు తూచేది ఆమే కనుక.